మెల్‌బోర్న్ వెళ్తున్నాం, ఏ విమానం మైళ్ళు కూడబెట్టుకోవాలి?

కావలి నుంచి ఒక పాఠకురాలు ఇలా రాశారు:

"మావారికి మెల్‌బోర్న్‌లో ఉద్యోగం వచ్చింది. ఫిబ్రవరిలో ముగ్గురం వెళ్తున్నాం. బాబుకి నాలుగేళ్ళు. ఇకమీదట ఏడాదికోసారైనా ఇంటికి రావాలి, మధ్యలో అమ్మానాన్నల్ని, అత్తయ్యామామయ్యల్ని అక్కడికి పిలిపించుకోవాలి. అందుకే ఫ్రీక్వెంట్ ఫ్లయర్ కార్డు మొదటి టికెట్ నుంచే మొదలుపెట్టాలని చూస్తున్నాం. డాలస్‌లో ఉన్న మా బావగారు యునైటెడ్‌దే తీసుకోండి, ఆ మైళ్ళకు గడువు లేదు అంటున్నారు. నెల్లూరులో మా ట్రావెల్ ఏజెంట్ ఏదైనా ఒకటే మేడమ్ అంటాడు. మావారు ఆఫీసు పని మీద విస్తారాలో తిరిగిన పాయింట్లు ఇప్పుడు ఎయిరిండియా ఖాతాలో ఉన్నాయి. మేం ఏది ఎంచుకోవాలి? ఈ మైళ్ళతో నిజంగా ఫ్రీ టికెట్ వస్తుందా, లేక అదంతా ఊరించడమేనా?"

మీ చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను. విమానం ఎక్కినప్పుడల్లా ఆ సంస్థ మన ఖాతాలో వేసే పాయింట్లే ఈ మైళ్ళు, తగినన్ని చేరితే వాటితో టికెట్ తీసుకోవచ్చు. దాని జవాబు తెలిస్తే మిగతా వాటి మీద టెన్షన్ సగం తగ్గుతుంది.

చెన్నై నుంచి సింగపూర్ మీదుగా మెల్‌బోర్న్‌కి ఒకవైపు ప్రయాణం సుమారు ఐదున్నర వేల మైళ్ళు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్ళ మైళ్ళ కార్యక్రమం పేరు క్రిస్‌ఫ్లయర్. అన్నిటికంటే చౌకగా దొరికే ఎకానమీ లైట్ టికెట్ కొంటే, ఎగిరిన దూరంలో సగమే మైళ్ళుగా ఇస్తారు. అంటే ఏడాదికోసారి వచ్చి వెళ్తే మనిషికి దాదాపు 5,500. ఫ్రీ టికెట్‌కి కావలసినవి పదుల వేలల్లో ఉంటాయి. పైగా అది ఫ్రీ అని పేరే గానీ పన్నులు, విమానాశ్రయం రుసుములు చేతి నుంచి కట్టాల్సిందే. ఏడాదికి ఒక్క ప్రయాణం చేసే కుటుంబం కేవలం విమానం ఎక్కి టికెట్ సంపాదించాలంటే ఏళ్ళు పడుతుంది. ఆలోపు మొదటి మైళ్ళకు గడువు తీరిపోతుంది. క్రిస్‌ఫ్లయర్ మైళ్ళ ఆయుష్షు మూడేళ్ళే. మధ్యలో ఎన్నిసార్లు ఎగిరినా పాత మైళ్ళ గడువు మారదు.

అయితే ఊరించడమేనా అంటే, కాదు. టికెట్ వచ్చేవాళ్ళకి వస్తోంది. కానీ మైళ్ళు వాళ్ళకి ఎక్కువగా ఆకాశంలో రావడం లేదు, కూరగాయల కొట్లో వస్తున్నాయి.

ఆస్ట్రేలియాలో రెండు పెద్ద సూపర్‌మార్కెట్లు ఉన్నాయి, కోల్స్, వూల్‌వర్త్స్. కోల్స్‌లో ఫ్లైబైస్ అనే కార్డు ఉంటుంది. మామూలుగా ఒక డాలర్ సరుకుకి ఒక పాయింటు. రెండు వేల ఫ్లైబైస్ పాయింట్లు వర్జిన్ ఆస్ట్రేలియా అనే విమాన సంస్థ వాళ్ళ మైళ్ళ కార్యక్రమం వెలాసిటీలోకి మారిస్తే వెయ్యి అవుతాయి. వూల్‌వర్త్స్‌లో ఎవ్రీడే రివార్డ్స్ ఉంటుంది. అక్కడా డాలర్‌కి ఒకటే, రెండు వేలకు ఇంకో ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ పాయింట్లు వెయ్యి. ఇప్పుడు లెక్క వేసుకోండి. వారానికి 250 డాలర్ల సరుకులు కొనే ఇల్లయితే ఏడాదికి 13,000 డాలర్లు, అంటే 6,500 విమాన పాయింట్లు. మీలో ఒకరు ఇండియాకి వచ్చి వెళ్తే వచ్చేదానికంటే ఎక్కువ, అదీ పాలు, గుడ్లు, డైపర్లు కొంటూ. (మీ బాబుకి డైపర్ల వయసు దాటిపోయింది లెండి.) బియ్యం, కందిపప్పు, కరివేపాకు మాత్రం ఇండియన్ స్టోర్‌లోనే కొంటారు కాబట్టి ఆ ఖర్చుకి ఏమీ రావు. మొలగొలుకుల అన్నం తిని పెరిగిన నెల్లూరు వాళ్ళు పాయింట్ల కోసం సూపర్‌మార్కెట్ బియ్యానికి మారతారని నేను అనుకోను.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. ఏ విమానం ఎక్కుతారు అన్నదాన్ని బట్టి కాదు, ఏ ఊళ్ళో కాపురం ఉంటారు అన్నదాన్ని బట్టి కార్యక్రమం ఎంచుకోండి. మీ బావగారి సలహాలో లోపం సరిగ్గా ఇక్కడే ఉంది. ఆయన చెప్పింది నిజమే, 2019 నుంచి యునైటెడ్ మైళ్ళకు గడువు లేదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్, ఎయిరిండియా, యునైటెడ్ మూడూ స్టార్ అలయన్స్ కూటమిలోనివే కాబట్టి మీరు సింగపూర్ విమానం ఎక్కి ఆ మైళ్ళు యునైటెడ్ ఖాతాలో వేయించుకోవచ్చు కూడా. డాలస్‌లో ఉన్నవాళ్ళకు అది మంచి ఎంపిక, అక్కడి క్రెడిట్ కార్డులు ఆ ఖాతాను నింపుతాయి. మెల్‌బోర్న్‌లో మీ వీధి చివరి కొట్టు నుంచి యునైటెడ్‌కి పాయింటు రాదు. గడువు లేకపోవడం మంచిదే, కానీ నిండని ఖాతాకి గడువు ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి? ఇంకో మాట. భాగస్వామి సంస్థ విమానం ఎక్కినప్పుడు చౌక టికెట్లకు చాలాసార్లు తక్కువ మైళ్ళు వేస్తారు, కొన్ని రకాలకు అసలు వేయరు.

ఏజెంట్ అన్న "ఏదైనా ఒకటే" కూడా అందుకే సరికాదు. ప్రతి టికెట్ మీద ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది, దాన్ని బుకింగ్ క్లాస్ అంటారు. పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరికి వేర్వేరు అక్షరాలుంటే వేర్వేరు మైళ్ళు రావచ్చు. డబ్బు కట్టకముందే ఆ అక్షరం ఏమిటో ఏజెంట్‌ని అడగండి. ఆ అక్షరానికి ఎన్ని మైళ్ళు వస్తాయో ఆయా కార్యక్రమాల వెబ్‌సైట్లలో పట్టిక ఉంటుంది. మీ మొదటి టికెట్ మీవారి కంపెనీ వాళ్ళే కొంటుంటే ఇంకా మంచిది. డబ్బు ఎవరు కట్టినా మైళ్ళు ప్రయాణించినవాళ్ళవే.

ఇక పేర్లు పెట్టి మాట్లాడుకుందాం. కావలి వాళ్ళకి చెన్నై విమానాశ్రయమే దిక్కు. దగదర్తి విమానాశ్రయం గురించి ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాం, అది వచ్చినా మెల్‌బోర్న్‌కి ఎలాగూ మారి వెళ్ళాల్సిందే. చెన్నై నుంచి మీకు తేలికైన దారులు సింగపూర్ మీదుగా సింగపూర్ ఎయిర్‌లైన్స్, కౌలాలంపూర్ మీదుగా మలేసియా ఎయిర్‌లైన్స్, కొలంబో మీదుగా శ్రీలంకన్. దుబాయ్ మీదుగా ఎమిరేట్స్ కూడా ఉంది గానీ తూర్పుకి పోవాల్సిన వాళ్ళు పడమరకి పోయి తిరిగి రావడం చిన్నపిల్లాడితో నాకు నచ్చదు. ఎయిరిండియా మెల్‌బోర్న్‌కి ఢిల్లీ నుంచి వెళ్తుంది, క్వాంటాస్ బెంగళూరు నుంచి సిడ్నీకి వెళ్తుంది.

వీటిలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ వెలాసిటీకి భాగస్వామి. అంటే సింగపూర్ విమానం ఎక్కి వెలాసిటీ పాయింట్లు వేయించుకోవచ్చు, వెలాసిటీ పాయింట్లతో సింగపూర్ విమానంలో సీటు తీసుకోవచ్చు. మలేసియా, శ్రీలంకన్, క్వాంటాస్ మూడూ వన్‌వరల్డ్ కూటమి. ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ లేకపోయినా క్వాంటాస్‌తో దానికి విడిగా ఒప్పందం ఉంది. కాబట్టి మీ ఇంటి దగ్గర కోల్స్ ఉండి, మీరు ఎక్కువగా సింగపూర్ మీదుగా వచ్చేలా ఉంటే వెలాసిటీ. వూల్‌వర్త్స్ దగ్గరుండి, మలేసియా, శ్రీలంకన్ టికెట్లే చౌకగా దొరుకుతుంటే క్వాంటాస్. రెండిట్లో దేనికో ఒకదానికి కట్టుబడండి. రెండు చోట్లా చెరి సగం పోగేస్తే రెండు చోట్లా టికెట్ రాదు.

నన్ను ఒకటే చెప్పమంటే వెలాసిటీ చెబుతాను. ముఖ్య కారణం ఒక చిరునామాలో ఉండే కుటుంబం పాయింట్లన్నీ ఒకే ఖాతాలోకి చేర్చుకునే వీలు. ఇద్దరు పెద్దవాళ్ళు, నలుగురు పిల్లల దాకా కలవొచ్చు. ముగ్గురి దగ్గరా మూడు చిన్న చిన్న కుప్పలుగా ఉంటే దేనికీ సరిపోవు. ఒకచోట చేరితే ఏదో ఒక టికెట్‌కి సరిపోతాయి. బాబుకి రెండేళ్ళు దాటి సొంత సీటు ఉంది కాబట్టి వాడి ప్రయాణానికీ పాయింట్లు వస్తాయి, వాడి పేరు మీద ఖాతా తెరవడం మరిచిపోకండి. ఇంకో కారణం, రెండేళ్ళపాటు ఖాతాలో ఏ కదలికా లేకపోతేనే వెలాసిటీ పాయింట్లు పోతాయి. నెలకోసారి కోల్స్ నుంచి కొన్ని పాయింట్లు వచ్చి పడుతుంటే ఆ భయం ఉండదు. క్వాంటాస్‌కి ఆ గడువు 18 నెలలు, అక్కడా ఇదే ఉపాయం పనిచేస్తుంది. క్వాంటాస్‌లో పెద్దవాళ్ళు చేరడానికి రుసుము ఉంటుంది గానీ వూల్‌వర్త్స్ లాంటి భాగస్వాముల ద్వారా చేరితే చాలాసార్లు అది కట్టనక్కర్లేకుండా వదిలేస్తారు. ఊరికే కట్టకండి.

మరి ఫిబ్రవరి టికెట్ సంగతేంటి? అది సింగపూర్ ఎయిర్‌లైన్స్ అయితే ముగ్గురూ కావలిలో కూర్చుని క్రిస్‌ఫ్లయర్‌లో చేరిపోండి, రుసుము లేదు. మెల్‌బోర్న్‌లో చిరునామా స్థిరపడ్డాక వెలాసిటీ మొదలుపెట్టి, తర్వాతి ప్రయాణాల నుంచి ఆ నంబరు ఇవ్వండి. ఒక ప్రయాణానికి ఒక్క ఖాతాలోనే మైళ్ళు పడతాయి, రెండు చోట్లా వేయరు. ఈ మొదటి ప్రయాణపు మైళ్ళు వృథా పోవు, మరోసారి సింగపూర్ టికెట్ కొనేటప్పుడు ధరలో కొంత తగ్గించుకోవడానికి వాడుకోవచ్చు. అసలు ఈ మొదటి ప్రయాణానికి మైళ్ళ గురించి ఆలోచించడమే ఎక్కువ. ఇల్లు మారుతున్నవాళ్ళకి కావలసింది కిలోలు. ఒక సంస్థ మనిషికి ఐదు కిలోలు ఎక్కువ ఇస్తే ముగ్గురికి పదిహేను కిలోలు. మీ కుక్కర్, ఇడ్లీ పాత్ర, బాబు బట్టలు అందులో పోతాయి. ధర, సామాను, మధ్యలో ఆగే సమయం, ఈ వరసలో చూసుకున్నాక మిగిలితే మైళ్ళు చూడండి. పచ్చళ్ళు, పొడులు తీసుకెళ్తే ఆస్ట్రేలియాలో దిగేముందు ఇచ్చే కాగితంలో ఆహారం ఉందని తప్పకుండా రాయండి. ఉన్నదని చెబితే మహా అయితే పారేస్తారు, చెప్పకపోతే జరిమానా వేస్తారు.

చేరేటప్పుడు పేరు దగ్గర మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోండి. మైళ్ళు పోగొట్టుకోవడానికి మన తెలుగువాళ్ళకి ఉన్నంత సులువైన దారి ఇంకెవరికీ లేదు. ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్ళ ఫారంలో అది చివర రావాలి. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా రెండో గడిలోనే ఉంటుంది. ఆడవాళ్ళకి పాస్‌పోర్టులో పుట్టింటి పేరు ఉంటుంది, ఫారం నింపే భర్త అలవాటుగా తన ఇంటిపేరు రాసేస్తాడు. పేరులో మూడు ముక్కలుంటే టికెట్ మీద అన్నీ కలిపి ఒకే పొడుగాటి మాటగా వస్తాయి. ఖాతాలో పేరు, టికెట్ మీద పేరు కలవకపోతే మైళ్ళు పడవు, తర్వాత దిద్దించడానికి పాస్‌పోర్టు నకళ్ళు పంపుతూ నెలలు తిరగాలి. కాబట్టి ముద్దుపేరు, పొట్టిపేరు, సర్టిఫికెట్లో పేరు అన్నీ పక్కన పెట్టి పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని ఒక్కో అక్షరం చూసి నింపండి. ఏజెంట్‌కి కూడా నంబరు నోటితో చెప్పకుండా వాట్సాప్‌లో పంపండి. మెల్‌బోర్న్‌లో దిగాక బోర్డింగ్ పాస్‌లు పారేయకండి. మైళ్ళు పడలేదంటే అడగడానికి అవే ఆధారం, అడగడానికీ కొన్ని నెలల గడువే ఉంటుంది.

ఇంకో సంగతి, ఇది చాలామంది వెళ్ళిపోయాక గుర్తు చేసుకుంటారు. ఇండియా ఫోన్ నంబరుతో తెరిచిన ఖాతాలకు ఓటీపీ ఆ నంబరుకే రావచ్చు. బయల్దేరేముందే ఈమెయిల్‌కి కూడా ఓటీపీ వచ్చేలా మార్చుకోండి, మార్చడానికి వీల్లేని ఖాతాల కోసం ఒక ఇండియా సిమ్‌ని చిన్న రీచార్జితో బతికించి ఉంచండి. బ్యాంకు సంగతి ఎలాగూ చూసుకోవాలి. ఉద్యోగం కోసం విదేశానికి వెళ్ళినవాళ్ళు ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్‌ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ళకి ఇచ్చే రూపాయి ఖాతాగా మార్చాలి. ఇక్కడి క్రెడిట్ కార్డులో రివార్డు పాయింట్లు ఉంటే ఆ మార్పుకి ముందే వాడేయడం మేలు.

క్రెడిట్ కార్డు అన్నాను కాబట్టి చెప్పేస్తాను. ఆస్ట్రేలియాలో కొత్త కార్డు తీసుకున్నవాళ్ళకి వేలకు వేలు బోనస్ పాయింట్లు ఇస్తామని ప్రకటనలు కనిపిస్తాయి. అవి అబద్ధం కాదు, నిజంగానే ఇస్తారు. మీవారికి కొన్ని జీతాలు పడి, అద్దె, కరెంటు, బాబు బడి ఖర్చులు ఎంతో తెలిశాక అప్పుడు ఆలోచించండి. ఆ కార్డులకు వార్షిక రుసుము గట్టిగానే ఉంటుంది, బిల్లు ఒక్క నెల పూర్తిగా కట్టకపోతే వడ్డీ ఏడాదికి ఇరవై శాతం దరిదాపుల్లో పడుతుంది. బోనస్ కోసమని అవసరం లేని సోఫా కొన్నవాళ్ళు ఉన్నారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రాని టికెట్‌ని తలుచుకుని ఉన్న డబ్బు ఖర్చు పెట్టుకోకండి. తరచూ ఎగిరేవాళ్ళకి విమాన సంస్థలు ఇచ్చే సిల్వర్, గోల్డ్ హోదాల వెంట కూడా పడొద్దు. ఏడాదికోసారి ఎగిరేవాళ్ళకి అవి రావు.

పాయింట్లు చేరాక వాడటం ఇంకో విద్య. ఆస్ట్రేలియాలో బడులకు పెద్ద సెలవులు డిసెంబర్ చివర నుంచి జనవరి చివరి దాకా. బాబు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక మీరు వచ్చేది సంక్రాంతికే. ఆ దేశంలో ఉన్న మనవాళ్ళందరూ వచ్చేదీ అప్పుడే. ఆ నెలలో టికెట్ ధర మండిపోతుంది, కాబట్టి పాయింట్లకు అసలు విలువ వచ్చేదీ ఆ నెలలోనే, కానీ పాయింట్లకు ఇచ్చే సీట్లు కొన్నే ఉంటాయి. అవి దాదాపు ఏడాది ముందే తెరుస్తారు. వచ్చే సంక్రాంతికి సీటు కావాలంటే ఈ సంక్రాంతికి కావలిలో ఉన్నప్పుడే వెతకడం మొదలుపెట్టాలి. మీకు అంత ముందుచూపు కుదరదనుకుంటే మూడు టికెట్లకూ పాయింట్లు వాడాలని చూడకండి. రెండు డబ్బుతో కొని ఒకటి పాయింట్లతో తీసుకోండి. అదీ దొరక్కపోతే వాటిని సిడ్నీకో బ్రిస్బేన్‌కో వెళ్ళే వర్జిన్ విమానానికి వాడేయండి. ఆస్ట్రేలియాలోపలి టికెట్లకు తక్కువ పాయింట్లు సరిపోతాయి.

పెద్దవాళ్ళ విషయం. మీ అమ్మానాన్నలు, అత్తయ్యామామయ్యలు వచ్చేటప్పుడు మైళ్ళ కోసం రెండు చోట్ల మారే టికెట్ తీసుకోకండి. ఒకే సంస్థ, ఒకే చోట మారడం, సామాను చెన్నైలో ఇచ్చేస్తే మెల్‌బోర్న్‌లోనే తీసుకోవడం, టికెట్ కొనేటప్పుడే వీల్‌చెయిర్ అడగడం. వీల్‌చెయిర్‌కి డబ్బు తీసుకోరు, పైగా దాన్ని తోసే మనిషే ఇమిగ్రేషన్ దాటించి గేటు దాకా చేరుస్తాడు కాబట్టి ఇంగ్లీషు రాని వాళ్ళకు అది పెద్ద దన్ను. నడవగలిగిన వాళ్ళు మొహమాటపడతారు, మీరే ఒప్పించాలి. కావలి నుంచి చెన్నైకి పినాకిని రైల్లో వస్తే మధ్యాహ్నానికే దిగుతారు, రాత్రి విమానానికి కావలసినంత సమయం ఉంటుంది. వాళ్ళకీ రెండు మూడేళ్ళకోసారి ప్రయాణం ఉంటుంది కాబట్టి వాళ్ళ పేరున కూడా ఖాతాలు తెరవండి. వాళ్ళు మీ చిరునామాలో ఉండరు కాబట్టి వెలాసిటీ కుటుంబ ఖాతాలో కలవలేరు. వాళ్ళకి క్రిస్‌ఫ్లయర్ చాలు. మీ క్రిస్‌ఫ్లయర్ మైళ్ళతో వాళ్ళకి టికెట్ తీసుకోవాలంటే ముందుగా వాళ్ళ పేర్లు నామినీలుగా నమోదు చేయాలి, ఐదుగురి దాకా పెట్టొచ్చు. నలుగురు పెద్దవాళ్ళు, ఇంకా ఒక చోటు ఖాళీ. దాన్ని తొందరపడి ఎవరితోనూ నింపకండి, ఒకసారి పెట్టిన పేరు మార్చాలంటే డబ్బు అడుగుతారు.

ఎయిరిండియాలో ఉన్న మీవారి పాయింట్లను మెల్‌బోర్న్ ప్రయాణం కోసం దాచకండి. మీరు చెన్నై నుంచి వెళ్ళేవాళ్ళు, ఢిల్లీ చుట్టూ తిరిగి వెళ్ళడం అలవాటు చేసుకోరు. ఖాతాలోకి వెళ్ళి గడువు తేదీ చూడండి. వీసా పనులకో, హైదరాబాద్‌లో చుట్టాలను చూసి రావడానికో ఈ రెండు మూడు నెలల్లో ఎలాగూ తిరుగుతారు, దేశంలోపలి టికెట్‌కి వాడేయండి. అప్పటికీ మిగిలితే మీ మామయ్యగారిని ఒకసారి విజయవాడ నుంచి ఢిల్లీకి పంపండి. సరిపోకపోతే కొంచెం డబ్బు కలిపి కొనండి గానీ, పాయింట్లు కొంటామని వచ్చే బ్రోకర్లకు మాత్రం అమ్మకండి. అది నియమాలకు విరుద్ధం, తెలిస్తే ఖాతానే మూసేస్తారు.